పదకొండో వరుస: కరోనా కాలపు ఫీల్డ్‌వర్క్ డైరీ

మా ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక ఎక్సెల్ షీట్ ఉంది. 24 వరుసలు, వరుసకొక మనిషి. అందరూ హైదరాబాద్‌లో ఇళ్ళల్లో పని చేసుకుని బతికే ఆడవాళ్ళు. జీతం, సెలవు, పనికి వెళ్ళొచ్చే దారి, ఒంట్లో బాగాలేని రోజు ఏం చేస్తారు, ఇవీ మేం అడగాలనుకున్న సంగతులు. 2020 ఫిబ్రవరిలో మొదలుపెట్టాం. ఆరు నెలల్లో అయిపోవాల్సిన పని 2021 చివరిదాకా సాగింది. పదకొండో వరుసలో ఇప్పుడు నంబరు తప్ప ఏమీ లేదు.

ఆ వరుస ఎందుకు ఖాళీ అయిందో చెప్పాలని నా డైరీలో కొన్ని పేజీలు ఇక్కడ రాస్తున్నాను. రాసే ముందు ఆ వరుసలో ఉండిన ఆమెను అడిగాను. నేను చేసిన పని రాసుకోవచ్చు, ఆమె చెప్పిన మాట ఒక్కటి కూడా రాయకూడదు. ఇదీ షరతు. అందుకే ఆమె మాటలు ఇందులో కనిపించవు. మిగతావాళ్ళ మాటలు వాళ్ళకి చదివి వినిపించి, సరే అన్నాకే ఉంచాను. బస్తీల పేర్లు రాయను. సికింద్రాబాద్ వైపు రెండు, నాలా ఒడ్డున ఒకటి, అంతవరకు చాలు.

2020 ఫిబ్రవరి 11

ఇవాళ రెండు ఇంటర్వ్యూలు. రెండూ మధ్యాహ్నం రెండింటికీ నాలుగింటికీ మధ్యే. వీళ్ళు పొద్దున్నే ఆరింటికి బయల్దేరి, మూడు నాలుగు ఇళ్ళ పని ముగించుకుని ఒంటిగంటకి వస్తారు. సాయంత్రం మళ్ళీ గిన్నెలకి వెళ్ళాలి. ఆ మధ్యలోనే సొంత ఇంటి వంట, బట్టలు, నీళ్ళు పట్టుకోవడం. కాస్త నడుం వాల్చే గంట ఏదైనా మిగిలితే అది మేం తీసుకుంటున్నాం.

అంగీకార పత్రం రెండు పేజీలు. ఇవాళ కలిసిన ఒక పెద్దావిడకి చదివి వినిపించాను, ఆవిడని పెద్దమ్మ అని పిలుస్తున్నాను. “పరిశోధన”, “గోప్యత”, “స్వచ్ఛందంగా” అన్న మాటల దగ్గర పెద్దమ్మ ముఖంలో ఏ కదలికా లేదు. మొత్తం విన్నాక ఒకటే అడిగింది: “సంతకం పెడితే కార్డు కట్ అయితదా బిడ్డా?”

ఆ ప్రశ్న ఊరికే రాలేదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అని రాష్ట్రమంతా పనులు మానుకుని ఇళ్ళల్లో కూర్చుంది. బతుకుదెరువుకి వచ్చినవాళ్ళు బస్సులెక్కి ఊళ్ళకి పోయి మరీ పేర్లు రాయించుకున్నారు. అప్పటినుంచి బస్తీలో సర్వే అంటే రేషన్ కార్డు, పింఛను. దానికి తోడు ఈ చలికాలమంతా సీఏఏ (పౌరసత్వ చట్ట సవరణ), ఎన్నార్సీ (జాతీయ పౌర పట్టిక) భయం. చేతిలో ఫైలు పట్టుకుని సందులోకి ఎవరు వచ్చినా తలుపులు దగ్గరకి వేసుకుంటున్నారు. సాయంత్రం టీం అంతా కూర్చుని మా కాగితాల్లోంచి “సర్వే” అనే మాట తీసేశాం. ఫైళ్ళు కూడా వద్దనుకున్నాం, మామూలు చేతిసంచి చాలు.

మాది ఖమ్మం జిల్లా. సంతకం అంటే నాకు భద్రాచలం వైపు హాస్టళ్ళు గుర్తొస్తాయి. 2009లో అక్కడ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి టీకా ఇచ్చే ప్రాజెక్టు ఒకటి నడిచింది. గిరిజన హాస్టళ్ళలో ఉన్న ఆడపిల్లల ఫారాల మీద చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ప్రాజెక్టును ఆపించింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ అంగీకారాల తీరును గట్టిగా తప్పుపట్టింది. కాగితం మీద సంతకాలైతే ఉన్నాయి. అడగాల్సిన మనుషుల్నే అడగలేదు. నేను తెచ్చుకున్న ఈ రెండు పేజీలు కూడా అలాంటివే అవుతాయేమోనని ఇవాళంతా మనసులో అదే తిరిగింది.

2020 మార్చి 29

తొమ్మిది ఇంటర్వ్యూలు అయ్యాక అన్నీ ఆగిపోయాయి. 22న జనతా కర్ఫ్యూ అన్నారు, ఆ రాత్రే రాష్ట్రంలో లాక్‌డౌన్ అన్నారు, 25 నుంచి దేశమంతా. మొదటి రెండు రోజులు నేను ఆలోచించింది ప్రాజెక్టు గురించే. గ్రాంటు సెప్టెంబర్‌కి అయిపోతుంది, మిగిలిన 15 మందిని ఎప్పుడు కలవాలి, ఇదే టెన్షన్. ఆ రెండు రోజుల పేజీల్లో లెక్కలు తప్ప ఇంకేం లేవు.

26న పెద్దమ్మ ఫోన్ చేసింది. నేను చేయలేదు, ఆవిడే చేసింది. “మీ ఊరికి పోయినవా, ఈడనే ఉన్నవా? హాస్టల్ బంద్ అయిందంటున్రు, తింటున్నవా?”

సిగ్గేసింది. ఆ సాయంత్రం నుంచి తొమ్మిది మందికీ ఫోన్లు చేశాను. ఆరుగురిని అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే ఆపేశారు. వాచ్‌మెన్‌కి చెప్పి పంపించారు తప్ప మేడమ్‌లు ఎవరూ నేరుగా మాట్లాడలేదు. మార్చి జీతం ఇస్తామని ఇద్దరికే మాట వచ్చింది. రేషన్ కార్డు ఉన్నవాళ్ళకి మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు అని ప్రభుత్వం ప్రకటించింది. వీళ్ళలో ఇద్దరికి కార్డే లేదు, అప్లికేషన్ పెట్టి ఏళ్ళవుతోంది.

నిన్న గైడ్ మేడమ్‌తో మాట్లాడాను. ఇదంతా రికార్డు చేసుకుంటే ప్రాజెక్టుకి ఎంత విలువైన సమాచారం అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “వాళ్ళు నీకు ఫోన్ చేస్తున్నది ఇంటర్వ్యూ ఇవ్వడానికి కాదమ్మా. ఎత్తు, మాట్లాడు, చేతనైంది చెయ్యి. రాసుకోకు,” అన్నారు.

కాబట్టి ఈ ఫోన్లు డేటా కాదు. ఎవరికి ఏం కావాలో ఒక కాగితం మీద రాసుకుంటాను, పని అవగానే చింపేస్తాను. ఆ రోజుల్లో నేను విన్నవి చాలా ఉన్నాయి, అవేవీ మా రిపోర్టులో ఉండవు.

2020 మే 23

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఏప్రిల్‌లో కరోనా కాలపు పరిశోధనల మీద ఎథిక్స్ కమిటీలకి, అంటే పరిశోధనలో మనుషులకి హాని జరగకుండా చూసే కమిటీలకి, మార్గదర్శకాలు ఇచ్చింది. నేరుగా కలవడం కుదరనప్పుడు ఫోన్‌లోనో వీడియోలోనో అంగీకారం తీసుకుని రికార్డు చేయవచ్చని అందులో దారి ఉంది. మాది వైద్య పరిశోధన కాదు, అయినా మా కమిటీ దాన్నే ఆధారంగా తీసుకుంది. రెండోసారి అప్లికేషన్ పెట్టాం, ఫోన్ ఇంటర్వ్యూలకి అనుమతి వచ్చింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. రెండు పేజీల పత్రాన్ని ఫోన్‌లో చదివితే నాలుగున్నర నిమిషాలు పట్టింది. మా టీంలో మేం చెల్లి అని పిలిచే అమ్మాయి వాళ్ళమ్మకి చదివి వినిపిస్తే రెండో నిమిషంలోనే ఆవిడ “ఆఁ ఆఁ” అనడం మొదలుపెట్టిందట. ఆ “ఆఁ” అంగీకారం కాదు, తొందరగా ముగించమని. ఏడుసార్లు తిరగరాశాం. చివరికి ఇలా నిలిచింది:

“అక్కా, మీ పని గురించి, జీతం గురించి మాట్లాడతాను. మీ మాట రికార్డు చేస్తాను. మీ పేరు, మీ బస్తీ, మీరు పనిచేసే ఇళ్ళు ఎవరికీ చెప్పను. ఇష్టం లేని ప్రశ్నకి వద్దు అనండి. మధ్యలో ఫోన్ పెట్టేసినా నేనేం అనుకోను. మాట్లాడితే ఏ సాయం రాదు, మాట్లాడకపోతే ఏదీ ఆగదు. రేపు మనసు మారితే చెప్పండి, అంతా తీసేస్తాను.”

దీని తర్వాత నేను కాదు, ఆమె చెప్పాలి, ఇప్పటిదాకా ఏం విన్నదో తన మాటల్లో. అలా చెప్పించుకోవడం వల్లే తప్పులు దొరికాయి. ఒకామె “నువ్వు మా మేడంకి ఫోన్ చేసి జీతం పెంచుమని చెప్తవ్” అంది. ఇంకొకామె “గవర్నమెంటుకు పంపుతవ్” అంది. మళ్ళీ మొదటినుంచి చెప్పాను.

ఫిబ్రవరిలో సంతకం పెట్టిన తొమ్మిది మందినీ కూడా మళ్ళీ అడగాలని నా పట్టు. వాళ్ళు ఒప్పుకున్నది నౌకరీ ఉన్నప్పుడు, ఎదురుగా కూర్చుని మాట్లాడటానికి. ఇప్పుడు నౌకరీ లేదు, ఎదురుగా మేమూ లేం. ఇద్దరు వద్దన్నారు. పాత ఇంటర్వ్యూలు ఉంచుకోమన్నారు, కొత్తగా మాత్రం మాట్లాడబోమన్నారు. ఎందుకని అడగలేదు.

2020 సెప్టెంబర్ 6

ఫోన్ ఇంటర్వ్యూ ఎదురుగా కూర్చుని చేసినట్టు ఉండదని అందరూ అంటారు. ఎలా ఉండదో ఈ మూడు నెలల్లో నేర్చుకున్నాను.

ఒకటి, ఫోన్ ఆమెది కాదు. ఇంటికొకటే, భర్త దగ్గరో కొడుకు దగ్గరో ఉంటుంది. ఈ నెల 1 నుంచి బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ చానళ్ళలో వస్తున్నాయి. టీవీ లేని ఇంట్లో పిల్లలకి ఆ ఫోనే బడి. నేను 40 నిమిషాలు మాట్లాడితే ఆ పిల్లకి ఒక పాఠం పోయినట్టే. టైమ్‌టేబుల్ తెప్పించుకుని, పాఠాలు లేని వేళల్లోనే చేస్తున్నాం.

రెండోది ఇంకా కష్టమైంది. పదిఅడుగుల గదిలో ఐదుగురు. “ఇప్పుడు మాట్లాడొచ్చా అక్కా” అంటే ఎవరైనా ఆఁ అనే అంటారు. పక్కన భర్త ఉన్నాడని భర్త వినేలా ఎలా చెప్తుంది? ఒకసారి జీతం ఎంత అని అడిగాను. ఆమె 4,000 అంది. వారం తర్వాత తనే మిస్డ్ కాల్ ఇచ్చి, అసలు 5,500 అనీ, 1,500 అక్క దగ్గర దాస్తున్నాననీ చెప్పింది. ఆ రోజు ఫోన్ స్పీకర్‌లో ఉంది. నేను స్పీకర్ గురించి అడగనే లేదు. ఆమె తెలివిగా తప్పించుకుంది కాబట్టి సరిపోయింది.

అప్పటినుంచి మొదటి ప్రశ్న స్పీకర్ గురించే. డబ్బు, తాగుడు, దెబ్బలు, ఒంటి సంగతులు ఏవైనా అవును, కాదు అని జవాబొచ్చేలా అడుగుతాం, వినేవాళ్ళకి ప్రశ్న తెలియకుండా. ఎవరైనా దగ్గరకి వస్తే “బియ్యం సంగతి మళ్ళ చెప్త” అంటుంది, నేను వెంటనే బియ్యం ధర మీదకి వెళ్ళిపోతాను. ఇంటర్వ్యూ సగంలో ఆగిపోతే ఆగిపోనీ. తిరిగి నేను చేయను, ఆమెకి వీలైనప్పుడు మిస్డ్ కాల్ ఇస్తుంది.

మూడోది డబ్బు. ఒక్కో ఇంటర్వ్యూకి 200 రూపాయలు ఇస్తున్నాం. మామూలు రోజుల్లో 200 అంటే మర్యాద. సంపాదన లేని ఇంట్లో 200 అంటే నాలుగు రోజుల కూరగాయలు. దాని కోసం ఇష్టం లేకపోయినా మాట్లాడితే? ఇవ్వకుండా వాళ్ళ టైం ఊరికే తీసుకుంటే? టీంలో రెండు వారాలు వాదించుకున్నాం. చివరికి డబ్బు ముందే పంపిస్తున్నాం, మాట్లాడినా మాట్లాడకపోయినా అది మీదే అని చెప్పి. ఇద్దరు డబ్బు తీసుకుని మాట్లాడలేదు. మా లెక్కల్లో అది సరైన ఖర్చే. వాళ్ళు నిజంగా వద్దనగలిగారని మాకు తెలిసింది.

2020 అక్టోబర్ 17

13 రాత్రి వాన. నాలా ఒడ్డు బస్తీలో నడుముల్లోతు నీళ్ళు వచ్చాయి. ఏడుగురి ఫోన్లు రెండు రోజులు స్విచాఫ్. సిటీ బస్సులు గత నెల 25నే మళ్ళీ మొదలయ్యాయి, అవీ కొన్నే. మూడో రోజు బ్లీచింగ్ పౌడర్, కొవ్వొత్తులు, నీళ్ళ బాటిళ్ళు పట్టుకుని ఆటోలో వెళ్ళాం. రికార్డర్ ఇంట్లోనే పెట్టాను, ఫోటోలు తీయలేదు. తడిసిన బియ్యం సంచులు గోడలకి ఆనించి ఉన్నాయి, పిల్లల పుస్తకాలు తాడు మీద ఆరేశారు.

నేను కనపడగానే నలుగురు వచ్చి, “మా పేరు రాసుకో మేడం” అన్నారు. నా లిస్టుకి ఏ పవరూ లేదని ఒక్కొక్కరికీ చెప్పాను. నమ్మలేదు. పేరు రాసుకుని వెళ్ళిపోయి ఉంటే ఆ పూటకి సంతోషించేవాళ్ళు. రాయలేదు.

2021 ఫిబ్రవరి 20

నేరుగా కలవడానికి కమిటీ ఒప్పుకుంది. గదిలోకి వెళ్ళం, ఆరుబయటే. ఇద్దరం వెళ్ళం, ఒక్కరే. దగ్గు, జలుబు ఏదున్నా ఆ వారం లేదు. గడిచిన ఏడాది మొత్తం రోగం తెచ్చేది పనివాళ్ళేనని అపార్ట్‌మెంట్లలో వాళ్ళని లిఫ్టు ఎక్కనివ్వలేదు. ఇక్కడ బయటినుంచి వాళ్ళ ఇంటికి వెళ్ళేది మేం. మా నుంచి ఒక్కరికి వస్తే వాళ్ళకి నెల జీతం పోతుంది, మాకేమీ పోదు. కాబట్టి జాగ్రత్తంతా మా మీదే.

2021 మే, మూడో వారం

తేదీ రాయను.

రెండో వేవ్. ఈ నెల 12 నుంచి మళ్ళీ లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకానే బయటికి వెళ్ళనిస్తున్నారు. ఫోన్ ఇంటర్వ్యూ మధ్యలో ఒకామెకి కరోనా పాజిటివ్ వచ్చిందని నాకు తెలిసింది. ఇంటి ఓనర్‌కి తెలియదు, పనిచేసే ఇళ్ళకి తెలియదు. నేను రికార్డర్ ఆపేశాను. అంతవరకూ బాగానే చేశాను. ఇంటికి సామాను పంపించనా అని అడిగాను. సరే అన్నట్టు నాకు అర్థమైంది.

ఫోన్ పెట్టేసిన ఐదు నిమిషాలకి ఆమె పేరు, ఫోన్ నంబరు, సందు గుర్తు, “పాజిటివ్, చిన్న పిల్లలు ఉన్నారు” అని రాసి ఒక వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. 200 మందికి పైగా ఉన్న గ్రూపు. ఆ రోజుల్లో ఆక్సిజన్ సిలిండర్లకీ బెడ్లకీ అందరూ అలాగే పెడుతున్నారు. నేనూ పెట్టాను.

మర్నాడు పొద్దున ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ప్రాణాలకి తెగించి ఊరంతా తిరుగుతున్న మంచి పిల్లలు, వాళ్ళని ఒక్క మాట అనను. ఒకతను పీపీఈ కిట్ వేసుకున్నాడు. పది లోపు ఇంకా ఆరు ఇళ్ళకి వెళ్ళాలి. సందు మొదట్లో కిరాణా కొట్టు దగ్గర, కరోనా వచ్చినవాళ్ళ ఇల్లు ఎక్కడ అని అడిగారు. పేరు కూడా చెప్పారు.

సాయంత్రానికి ఓనర్ గది ఖాళీ చేయమన్నాడు. ఆమె పనిచేసే అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్ కుటుంబం అదే సందులో ఉంటుంది. రెండు ఇళ్ళ పని పోయింది.

అంగీకార పత్రం తీసి మళ్ళీ చదివాను. “ఎవరికీ చెప్పను” అన్నది నేను ఏడుసార్లు తిరగరాసిన వాక్యం. రికార్డర్ ఆపేశాక ఆ వాక్యం కూడా ఆగిపోయిందని నా లోపల ఎక్కడో అనుకున్నాను. ఇంటర్వ్యూకి ఒక నియమం, సాయానికి ఇంకోటి. సాయం చేస్తున్నప్పుడు నా చేతులు శుభ్రంగానే ఉన్నట్టు, ఇంకేం అడగక్కర్లేదనుకున్నాను. అడగాల్సినవి ఎన్ని ఉన్నాయి! ఎవరి చేత పంపాలి, ఏ టైముకి, ఎక్కడికి, ఎవరైనా చూస్తే ఏమని చెప్పాలి. ఆమె బంధువుల ఇంటికి బియ్యం పంపితే సరిపోయేది. జబ్బు మాట ఎవరికీ చెప్పే అవసరమే లేదు.

బియ్యం కావాలనడమూ, తనకి జబ్బు వచ్చిందని 200 మందికి తెలియడమూ రెండు వేరు సంగతులు. నేను మొదటిదే అడిగాను. రెండోది నేనే నిర్ణయించేశాను.

2021 జూన్ 2

గ్రూపులో మెసేజ్ డిలీట్ చేయడానికి టైం దాటిపోయింది. అడ్మిన్‌తో మాట్లాడి, పాత మెసేజ్‌లు ఎవరి ఫోన్లలో వాళ్ళు తీసేయమని పెట్టించాను. ఎంతమంది తీశారో. ఇకమీదట పేరు, ఇల్లు, రోగం మూడూ ఒకేచోట పెట్టకూడదని వాళ్ళు నియమం పెట్టుకున్నారు.

మేడమ్‌కి ఆ రాత్రే చెప్పాను. కమిటీకి రాయాలన్నారు. “సదుద్దేశంతో” అని మొదలుపెట్టాను, మేడమ్ ఆ మాట కొట్టేశారు. ఏం జరిగిందో, ఎవరికి ఏం నష్టమో అంతే రాయమన్నారు. నష్టపరిహారానికి గ్రాంటులో పద్దు లేదు. టీం అంతా వేసుకున్నాం.

ఈ మధ్యే మా పెదనాన్న పోయారు. ఊరికి వెళ్ళలేకపోయాను. బస్తీలో పెద్దమ్మకి ఎలా తెలిసిందో, మూడు రోజులు వరుసగా ఫోన్ చేసింది. “ఏడువు బిడ్డా, ఆపుకోకు” అంది. మేం వాళ్ళని ఎలా చూసుకోవాలో పేజీలు పేజీలు రాశాం. వాళ్ళు మమ్మల్ని చూసుకుంటారన్న సంగతికి మా కాగితాల్లో ఎక్కడా చోటు పెట్టలేదు. ఇంకొకటి కూడా పెట్టలేదు. రికార్డింగులు విని టైప్ చేసే చెల్లి రోజుకి నాలుగు గంటలు హెడ్‌ఫోన్స్‌లో చావుల కబుర్లు వింటోంది, నిద్ర పట్టడం లేదట. నిన్నటినుంచి ఆ పని ముగ్గురం పంచుకున్నాం, ఎవరూ రోజుకి గంటకి మించి వినకూడదు. చావు ఉన్న ఫైలు మీద ముందే గుర్తు పెడుతున్నాం.

2021 జూన్ 27

లాక్‌డౌన్ ఎత్తేసి వారం. ఆమె చెప్పిన చోటికి, చెప్పిన టైముకి వెళ్ళాను. గంటన్నర కూర్చున్నాం. క్షమించమని అడిగాను. ఇక్కడ ఆమె అన్నది రాయను.

నాకు అప్పగించిన పని రాస్తాను: ఆమెవి అన్నీ తీసేయాలి. కరోనా గురించి చెప్పినవే కాదు, మొదటి రోజు నుంచి అన్నీ. డబ్బు కొత్త గది అడ్వాన్సుకి తీసుకుంది. ఆ డబ్బుకీ ఆమె నిర్ణయానికీ సంబంధం లేదని, మాటలు ఉంచినా తీసేసినా అది ఆమెదేనని ముందే చెప్పాను.

2021 జులై 10

అన్నీ తీసేస్తాను అని ఫోన్‌లో ఒక్క వాక్యంలో అనేశాం. తీసేయడానికి తొమ్మిది రోజులు పట్టింది.

రికార్డర్ కార్డులో ఒక ఆడియో. నా లాప్‌టాప్‌లో ఒకటి. చెల్లి లాప్‌టాప్‌లో ఒకటి, హెడ్‌ఫోన్స్ పాడైన రోజు ఫోన్‌లోకి ఎక్కించుకుంది కాబట్టి అందులో ఒకటి. డ్రైవ్‌లో ఫోల్డర్, దాని ట్రాష్‌లో ఇంకోటి. మేడమ్‌కి పంపిన ఈమెయిల్. నేను పెన్సిల్‌తో గీతలు గీసిన ప్రింటు. సంతకం పెట్టిన పత్రం బీరువాలో. 200 రూపాయలు పంపిన యాప్‌లో ఆమె పేరు, నంబరు. అది నా చేతుల్లో లేదు. ఆడిట్‌కి ఇచ్చిన లిస్టులో కూడా పేరు ఉంది, దాన్ని నంబరుగా మార్పించడానికి మూడు రోజులు తిరిగాను. ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే ఏ కాపీ ఎక్కడ ఉంటుందో ఒక కాగితం రాసుకుని ఉంటే ఒక పూట పని. మిగిలిన 23 మందికి ఇప్పుడు రాశాను. ఇకనుంచి ఆడియో ఒక్కచోటే, పాస్‌వర్డుతో. టైప్ చేయడం అవగానే తీసేస్తాం.

తర్వాత రిపోర్టు. జబ్బు చేసిన రోజు సెలవు అడగడం గురించిన అధ్యాయం మొత్తం ఆమె చెప్పిన ఒక సంఘటన చుట్టూ కట్టాను. దాన్ని తీసేస్తే వాదన కూలుతుందని రెండు రోజులు అలాగే చూస్తూ కూర్చున్నాను. పేరు మార్చేస్తే? ఊరు మార్చేస్తే? ఇలాంటివన్నీ తోచాయి. తీసేశాను. అధ్యాయం 14 పేజీల నుంచి 8కి వచ్చింది. మిగతావాళ్ళ మాటలు మళ్ళీ మొదటినుంచి చదివి కట్టుకుంటున్నాను.

వరుసలు సర్దేసి 23 మంది అని రాస్తే సరిపోతుందని టీంలో ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. పద్ధతులు రాసే చోట ఇలా రాశాం: 24 మందితో మాట్లాడాం, మా వల్ల జరిగిన నష్టం తర్వాత ఒకరు తమ మాటలు వెనక్కి తీసుకున్నారు. ఇది రాయడానికి కూడా ఆమెను అడిగాను.

2021 నవంబర్ 14

ఆదివారం. రాసింది వాళ్ళకే చదివి వినిపించే రోజు. అంతకుముందు రెండు వారాలు ఒక్కొక్కరిని విడిగా కలిసి ఎవరి మాటలు వాళ్ళకి చదివాను. నలుగురు కొన్ని వాక్యాలు కొట్టేయించారు. జీతం దాచుకున్న అక్క ఆ లెక్క మార్చమంది. ఎంతో చెప్పకుండా “కొంత” అని రాశాను. ఈ డైరీలో ఉన్న అంకెలు కూడా ఆమె చెప్పినట్టు మార్చినవే.

పేర్లు నేను పెట్టాను మొదట. అక్కడ కూడా తప్పులే. ఒకామె, “గా పేరు మా ఆడబిడ్డది, నాకొద్దు” అంది. ఇంకొకామె, నేను పెట్టిన పేరు తమవాళ్ళలో ఉండదని చెప్పింది. పేరులో కులం ఉంటుంది, మతం ఉంటుంది, ఏ జిల్లా నుంచి వచ్చారో ఉంటుంది. నేను మార్చేసింది పేరు ఒక్కటే అనుకున్నాను. ఇప్పుడు ఎవరి పేరు వాళ్ళే ఎంచుకున్నారు. ఇద్దరు ఒకే సినిమా హీరోయిన్ పేరు అడిగారు, మాట్లాడుకుని ఒకరు ఒప్పుకున్నారు.

కమ్యూనిటీ హాల్లో కిటికీలన్నీ తెరిచి, 17 మంది కూర్చున్నారు. అందరి ముందు చదివేటప్పుడు ఆ పేర్లు కూడా వాడలేదు, నంబర్లే. ఎవరి నంబరు ఏదో ఎవరిది వాళ్ళకే తెలుసు. చదవమన్నవే చదివాను. టీలు తిరుగుతున్నాయి, పిల్లలు అటూ ఇటూ పరిగెత్తుతున్నారు. పదోది అయ్యాక పేజీ తిప్పి పన్నెండు అన్నాను.

ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మ చెయ్యెత్తింది. “పది అన్నవ్, పన్నెండు అంటున్నవ్. నడుమ ఒకటి ఏమాయె?”

“ఆమె వద్దంది పెద్దమ్మా.”

“అట్లనా,” అంది. టీ గ్లాసు కింద పెట్టి, కొంగు సర్దుకుంది. “సరె, పన్నెండోది చదువు.”